ఓడలో ఇరుగుపొరుగు

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని మాట్లాడమని అడుగుతూ, "మీరిద్దరూ ఎప్పుడూ ఓడల మీదే ఉంటారు గదా, ఆ విశేషాలు చెప్పండి" అన్నారు. ఎప్పుడూ అనడం కొంచెం ఎక్కువే. బడి ఉద్యోగాల నుంచి విశ్రాంతి తీసుకున్నాక మేము ఇప్పటికి తొమ్మిదిసార్లు ఓడ ఎక్కాము. మొదటి అయిదూ మన పోర్ట్ క్లాంగ్ నుంచో సింగపూర్ నుంచో బయలుదేరే పెద్ద ఓడలు. వేల మంది జనం, మూడు నాలుగు రోజుల తిరుగుడు, తిరునాళ్ళ సందడి. తరువాతి నాలుగూ విలాస నౌకలు. పెన్షను మీద బ్రతికే బడిపంతుళ్ళకు అంత స్తోమత ఎక్కడిదని మీలో కొందరు ఇప్పటికే పక్కవారిని అడుగుతున్నారు, మాకు కనబడుతోంది. ఆస్ట్రేలియాలో ఉన్న మా పెద్దవాడు సగం ఇచ్చాడు. అమ్ముడు పోని కేబిన్లను చివరి వారాల్లో ధర తగ్గించి ఇస్తారు. ఆ లెక్క అంతటితో సరి.

మా తెలుగు సాయంకాలం తరగతుల్లో పలక పట్టి నేర్చుకున్నది. అక్కడక్కడ పుస్తకం వాసన వేస్తే మన్నించాలి. ఆ తెలుగు ఒకనాడు నడిసముద్రంలో ఎలా పనికి వచ్చిందో ముందుముందు మనవి చేస్తాము.

మన ఇళ్ళలో ఓడ అంటే ముందుగా గుర్తుకు వచ్చేది రజులా. 1926లో నీటిలోకి దిగిన ఆ ఓడ మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, పోర్ట్ స్వెట్టెన్‌హామ్, సింగపూర్ మధ్య దాదాపు అర్ధశతాబ్దం తిరిగింది. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి మద్రాసు చేరి, అక్కడ డెక్కు టిక్కెట్టుతో ఎక్కారు. డెక్కు టిక్కెట్టు అంటే కేబిన్ లేదు, మంచం లేదు. చాప పరుచుకున్నంత మేర ఇల్లు. వారం రోజులు వాంతులు, ఆపైన పెనాంగ్ పక్కన పులౌ జెరజాక్ దీవిలో క్వారంటైను, ఆపైన బాగాన్ డాతో కొబ్బరి తోటలు. ఆ వారంలో చాప పక్కన చాప పరుచుకున్న మనిషిని తాతగారు చచ్చేదాకా "బావా" అనే పిలిచారు. ఏ ఊరో, ఏ కులమో అడిగినట్టు లేదు. మేము ఎక్కిన ఓడలకూ రజులాకూ పోలిక పెట్టడం లేదు, అది తప్పు. మాకు డబ్బుండి వినోదానికి వెళ్ళాము, ఆయన అన్నానికి వెళ్ళారు. కాని నాలుగు గోడల మధ్య, చుట్టూ నీళ్ళతో, ముక్కూమొహం తెలియనివారి పక్కన రోజుల తరబడి ఉంటే మనుషులకు ఏమవుతుంది అనే ప్రశ్న మాత్రం మాకు ఆయన దగ్గరనుంచే వచ్చింది.

విలాస నౌక అంటే బంగారు కుళాయిలు అనుకునేరు. మేము చూసినంతలో అసలు విలాసం రెండు విషయాల్లో ఉంది. ఒకటి, జనం తక్కువ. పెద్ద ఓడల్లో మూడు వేలు, అయిదు వేలు ఎక్కితే ఇక్కడ అయిదారు వందలు, మహా అయితే తొమ్మిది వందలు. అందువల్ల పొద్దున చూసిన మొహమే మధ్యాహ్నం కనబడుతుంది, సాయంత్రం మళ్ళీ పలకరించక తప్పదు. రెండు, తిండి, పానీయాలు, బక్షీసు అన్నీ చాలావరకు టిక్కెట్టులోనే కలిసిపోతాయి. ఎవరూ ఎవరికీ కాఫీ ఇప్పించనక్కరలేదు, తిరిగి ఇప్పించాలన్న బాకీ ఉండదు. మన ఊళ్ళలో స్నేహాలు చెడేది సగం ఇక్కడే కాబట్టి, ఇది చిన్న సంగతి కాదు.

రేవు లేని రోజున అక్కడి దినచర్య చూస్తే మీకు మన హాస్టళ్ళు గుర్తుకొస్తాయి. తెల్లవారకముందే ముసలివాళ్ళు డెక్కు మీద చుట్లు తిరుగుతూ ఉంటారు. ఎన్ని చుట్లయితే ఒక మైలో ఒక ఇత్తడి పలక మీద రాసి ఉంటుంది. ఆ చుట్లను కూడా దొంగలెక్క వేసేవారున్నారు. పది గంటలకు ఉపన్యాసం. పదకొండున్నరకు జనరల్ నాలెడ్జి పోటీ, ఆరుగురికో జట్టు. బహుమతి ఒక తాళంచెవుల గొలుసు, అంతే. దాని కోసం జడ్జీలుగా, శస్త్రవైద్యులుగా పనిచేసి వచ్చినవారు పదేళ్ళ పిల్లల్లా పోట్లాడుకుంటారు. మేము పంతుళ్ళము గనుక మమ్మల్ని తమ జట్టులోకి లాక్కోవడానికి గిరాకీ ఉండేది. మలేసియా రాజధాని ఏదంటే పుత్రజయ అని ఒక పెద్దమనిషి చెప్పి, మేము కాదంటే మామీదే అలిగాడు. నాలుగు గంటలకు టీ. సాయంత్రం దుస్తులు మార్చుకుని భోజనం. పడమటికి పోతుంటే రాత్రి గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోమని చీటీ వస్తుంది. ఆ ఒక్క గంట ఎక్కువ నిద్ర దొరికినందుకు మరునాడు ఓడ ఓడంతా సంతోషంగా ఉంటుంది. తూర్పుకు వస్తే అంతా చిరచిరలాడుతూ ఉంటారు.

కాని స్నేహాలు అసలు పుట్టేది లాండ్రీ గదిలో. చాలా ఓడల్లో ప్రయాణికులే బట్టలు ఉతుక్కునే చిన్న గది ఉంటుంది. నాలుగు యంత్రాలు, రెండు ఇస్త్రీ బల్లలు. లక్షలు పోసి ఎక్కినవారు కూడా అక్కడ లుంగీలాంటి పాత నిక్కర్లతో నిలబడి తమ వంతు కోసం కాచుకుంటారు. మన పాత ఎస్టేటు కుళాయి దగ్గర ఏయే మాటలు నడిచేవో అవే మాటలు. ఎవరి కొడుకు ఫోను చేయడం లేదు, ఎవరికి మోకాలు మార్చారు, ఎవరు ఎవరి బట్టలు తడివిగానే బయట పడేశారు. ఆ ఆఖరిది పెద్ద తగాదా. సెక్యూరిటీవారు వచ్చి విడిపించిన తగాదా ఒకటి కళ్ళారా చూశాము.

మళ్ళీ మళ్ళీ వచ్చేవారికి కంపెనీలు మెట్టు మీద మెట్టు ఎక్కిస్తాయి. ఇన్ని రాత్రులకు ఈ రంగు బిళ్ళ, ఇన్ని రాత్రులకు కెప్టెన్‌తో భోజనం. వెయ్యి రాత్రులు దాటినవారిని చూశాము. వారిలో భర్త పోయినవారు, భార్య పోయినవారు చాలామంది. ఒంటరిగా వెళ్ళేవారు తరచు ఇద్దరి టిక్కెట్టుకు దగ్గర దగ్గరగా కట్టాలి. అయినా వెళతారు. ఎందుకంటే మెట్లెక్కగానే "ఈసారి మోకాలు ఎలా ఉందమ్మా?" అని అడిగే మనిషి ఇంటి దగ్గర లేడు, ఓడ మీద ఉన్నాడు. ఒక అమెరికన్ వితంతువు 2000 సంవత్సరం నుంచి 2008లో ఓడ సేవ చాలించేదాకా క్వీన్ ఎలిజబెత్ 2 నే ఇల్లు చేసుకుని ఉన్నదని పత్రికల్లో వచ్చింది. ఆ ఓడ ఇప్పుడు దుబాయిలో కట్టేసిన హోటలు.

మనుషుల కోసమే ఓడ ఎక్కుతారనడానికి మరొక దృష్టాంతం ఉంది. ఇది మన దేశానికి సంబంధించినదే. క్రిస్టల్ అనే విలాస నౌకల కంపెనీ 1988లో పుట్టింది. జపానువారిది. 2015లో దానిని గెంటింగ్ హాంకాంగ్ కొన్నది. గెంటింగ్ అంటే మనకు చెప్పనక్కరలేదు, కొండ మీద చలికి దుప్పటి కప్పుకుని ఫోటో దిగనివారు ఈ సభలో ఉండరు. కోవిడ్ దెబ్బకు ఆ హాంకాంగ్ కంపెనీ 2022 జనవరిలో కూలిపోయింది. అప్పుడు క్రిస్టల్ సింఫనీ అనే ఓడ మయామీకి వస్తున్నది. ఇంధనం బాకీ కింద ఓడను పట్టుకోమని అమెరికా కోర్టు వారంటు ఇచ్చేసరికి, మయామీ వెళ్ళకుండా బహామాలోని బిమినీకి పోయి లంగరు వేసింది. ప్రయాణికులను వేరే పడవలో ఫ్లోరిడా చేర్చారు. ఇరవై, ముప్పై ఏళ్ళుగా ఆ ఓడల్లోనే పెళ్ళిరోజులు చేసుకున్న ముసలివారు ఎందరో. ఓడలు పోయినా ఇంకొకటి ఎక్కవచ్చు గదా అని మనం అనుకుంటాము. కాని ఆ వెయిటరు, ఆ పియానో వాయించేవాడు, ఆ భోజనాల పెద్ద తలో దిక్కు అయిపోయారు. 2022లోనే మరొక సంస్థ ఆ రెండు ఓడలను కొని, బాగుచేసి, 2023లో మళ్ళీ నీళ్ళ మీదికి తెచ్చింది. ప్రయాణికుల సంఖ్య తగ్గించి ఒకదానిలో 740, ఇంకొకదానిలో 606 పెట్టారు. అంతకంటే తెలివైన పని ఏమంటే, పాత సిబ్బందిని వెతికి వెతికి చాలామందిని వెనక్కి పిలిచారు. కొనుక్కున్నది ఇనుము కాదని వారికి తెలిసింది.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అని మన పెద్దలు అన్నారు. ఓడ స్నేహాలన్నీ అలాంటివేనని చాలామంది అభిప్రాయం. మేము కూడా అయిదారు ప్రయాణాలదాకా అలాగే తలచాము. దిగేరోజు కౌగిలింతలు, చిరునామాలు, మళ్ళీ వస్తాం అనే మాటలు. ఇంటికి రాగానే ఆ కాగితాలు ఏ సొరుగులోకి పోతాయో తెలియదు. ఎనిమిదవ ప్రయాణం సంగతి వేరు. అది కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

సింగపూర్ నుంచి ముంబాయి దాకా, పెనాంగ్, ఫుకెట్, కొలంబో, కొచ్చిన్ మీదుగా రెండు వారాల ప్రయాణం. ఎక్కడైనా కూర్చోవచ్చు అన్నా జనం రెండో రోజుకే తమ బల్లలు ఖాయం చేసుకుంటారు. మా బల్ల మీద ఆరుగురము. మేమిద్దరం, ఇంగ్లాండు లీడ్స్ నుంచి బ్యాంకు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్న దంపతులు, హాంకాంగ్ నుంచి ఒక మందుల షాపాయన, న్యూజీలాండ్ నుంచి ఎనభై రెండేళ్ళ పెద్దావిడ. ఆవిడ ఒకప్పుడు ఆస్పత్రిలో హెడ్ నర్సు. భర్తతో ఇరవై ఏళ్ళు తిరిగిన ఓడలే ఇప్పుడు ఒంటరిగా తిరుగుతున్నది. మహా హుందా మనిషి, ముత్యాల దండ లేకుండా భోజనానికి రాదు.

మాకు వడ్డించే అబ్బాయిది టెక్కలి దగ్గర పల్లె. మేము తెలుగువాళ్ళమని తెలిసిన పూట అతని చేతిలో గిన్నె ఒకసారి ఆగింది. హాలులో అందరి ఎదుట "మేడమ్, సర్" అనేవాడు, వరండాలో ఎవరూ లేనప్పుడు "పెద్దమ్మా, పెదనాన్నా" అనేవాడు. సిబ్బంది ప్రయాణికుల బల్ల దగ్గర కూర్చోకూడదు, అది నియమం. ఎనిమిది నెలల కాంట్రాక్టు. నాలుగు నెలల కూతురిని ఇంకా ఫోనులోనే చూశాడు. ఓడ పనివారికి రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఒకటి 2013 నుంచి అమలులో ఉంది. పంతుళ్ళము గనుక లెక్క తిరగేసి చూశాము. రోజుకు 14 గంటలదాకా పని ఉండవచ్చునన్నమాట. మాకు ఓడ అంటే స్నేహం, అతనికి ఓడ అంటే ఆ లెక్క. అతని నవ్వులో ఎంత జీతానిది, ఎంత మనసుది అని మేమిద్దరం రాత్రిళ్ళు వాదించుకునేవాళ్ళము.

ఫుకెట్ దాటిన రాత్రి అతను మా ముందు పళ్ళెం పెడుతూ, నవ్వు చెదరకుండా, మెల్లగా తెలుగులో అన్నాడు: "పెద్దమ్మా, ఆ మామ్మగారు ఇందాకే సూప్ తాగి మళ్ళీ సూప్ తేలేదేమని అడుగుతున్నారు. నిన్న కూడా ఇంతే. రాత్రి తన గది దొరక్క మెట్ల దగ్గర నిలబడి ఉంటే మావాడొకడు దింపి వచ్చాడు. నేను ఆఫీసర్లకు చెప్పాలి, చెబితే ఏమవుతుందో తెలుసు. మీరు కాస్త చూడండి." బల్ల మీద ఇంకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. పళ్ళెం గురించి చెబుతున్నాడనుకున్నారు. సాయంకాలం తరగతుల్లో మాకు పాఠాలు చెప్పిన మాష్టారు ఆ క్షణాన ఉండి ఉంటే బాగుండేది.

మరునాడు లాండ్రీ గదిలో మిగతా ముగ్గురితో మాట్లాడాము. లీడ్స్ ఆయన చెప్పవద్దన్నాడు. "చెబితే తరువాతి రేవులో దించేస్తారు. తోడు లేకుండా ఇంకెప్పుడూ ఎక్కనివ్వరు. ఆమెకు ఉన్నది ఇది ఒక్కటే" అన్నాడు. మందుల షాపాయన ఒప్పుకోలేదు. "కొలంబో బజారులో తప్పిపోతే అప్పుడేం చెబుతావు?" అన్నాడు. ఇద్దరివీ న్యాయమైన మాటలే. చివరకు ఆవిడ వెనుక ఆవిడ గురించి మాట్లాడుకోవడమే మాకు నచ్చలేదు. టీ వేళకు మేమిద్దరం ఆవిడ దగ్గర కూర్చుని సూటిగా అడిగాము.

ఆవిడకు తెలుసు. కళ్ళజోడు పెట్టె తెరిచి చూపించింది. మూత లోపల సన్నని అక్షరాలతో కేబిన్ నంబరు రాసుకుని ఉంది. ఓడ ఇచ్చే కార్డు మీద భద్రత కోసం నంబరు వేయరు, అందుకని. "రోగులకు నేను చేసిన పనే ఇది" అని నవ్వింది. తరువాత చాలాసేపు సముద్రం వైపు చూసి, కొచ్చిన్ దాకా గడువు అడిగింది. కొచ్చిన్‌లో కొడుకుకు రాయవచ్చునని, తను చదివాకే పంపాలని షరతు పెట్టింది. కొలంబో చేరేలోగా ఓడ డాక్టరును కలవాలని మేము షరతు పెట్టాము. ఒప్పుకుంది.

అక్కడినుంచి మా బల్లకు డ్యూటీ పట్టిక ఒకటి ఏర్పడింది. బడి పట్టికలాగే. ఉదయం చుట్లకు లీడ్స్ ఆవిడ, మాత్రలకు మందుల షాపాయన, సాయంత్రం గది దాకా మేము. ఆవిడ అలిగిన రోజులూ ఉన్నాయి. "నేను చిన్నపిల్లను కాను" అని ఒక పూట మా మొహాన తలుపు వేసింది. ఆ వరండాలో తలుపులన్నీ ఒక్క తీరుగా ఉంటాయి, అదే ఆవిడకు చిక్కు. కొలంబోకు ముందురోజు ఉగాది వచ్చింది. గది అలంకారానికని మేము క్లాంగ్ నుంచి ప్లాస్టిక్ మామిడి తోరణం పట్టుకెళ్ళాము. ఓడ తలుపులు ఇనుపవి గనుక అయస్కాంతం బిళ్ళలు అతుక్కుంటాయి. ఆ బిళ్ళలతో తోరణాన్ని మా తలుపుకు కాక ఆవిడ తలుపుకు కట్టాము. ఆ తరువాత ఆవిడ దారి తప్పలేదు. ఆ ఉదయం టెక్కలి అబ్బాయి వంటశాల నుంచి పచ్చి మామిడికాయ, చింతపండు, బెల్లం లాంటి చక్కెర సంపాదించి తెచ్చాడు. వేపపూవు ఎక్కడిది, మెంతులు వేశాము. లీడ్స్ ఆయన మొహం చూడవలసింది.

కొచ్చిన్‌లో ఉత్తరం రాశాము. నలభై ఏళ్ళు పిల్లల గురించి తల్లిదండ్రులకు రాసిన చేతులు మావి. తల్లి గురించి కొడుకుకు రాయడం అదే మొదలు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఒక వాక్యం కొట్టేసి, "పంపండి" అంది. ఆ వాక్యం ఏమిటో ఇక్కడ చెప్పము, ఆవిడకు మాట ఇచ్చాము. కొడుకు ముంబాయి రేవుకు వచ్చాడు. మాతో అంటీముట్టనట్టు మాట్లాడాడు. తప్పు పట్టలేము. ఆవిడ మాత్రం మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి కెప్టెన్‌కు కాదు, వెయిటర్ల వరుసకు చెయ్యి ఊపింది.

ఇప్పుడు ఆవిడ కొడుకు ఇంటికి దగ్గరలోని వృద్ధుల నివాసంలో ఉంది. నెలకొకసారి నలుగురు దేశాల నుంచి ఫోనులో కలుస్తాము. మా పేర్లు ఒక్కోసారి గుర్తుంటాయి, ఒక్కోసారి ఉండవు. తోరణం గది తలుపుకు ఉందని కొడుకు చెప్పాడు. ఈమధ్య అతను కూడా కొంచెం చనువుగా మాట్లాడుతున్నాడు. మిగతా ముగ్గురూ నిరుడు మన క్లాంగ్ ఇంటికి వచ్చి, అరటి ఆకులో భోంచేసి, ఆ ఆకు ఎటు మడవాలో తెలియక మా మనవరాలి చేత పాఠం చెప్పించుకుని వెళ్ళారు.

టెక్కలి అబ్బాయి కాంట్రాక్టు ముగించి ఇంటికి వెళ్ళాడు, కూతురు మొదట ఎత్తుకోనివ్వలేదట. మూడు నెలల తరువాత వేరే ఓడ ఎక్కాడు. ఆ ఓడ ఒకసారి పోర్ట్ క్లాంగ్‌కు వచ్చింది. అతనికి దొరికిన సెలవు మూడు గంటలు. ఇంటి వంట ఓడలోకి తీసుకుపోనివ్వరు గనుక, అన్నం, పప్పు, ఆవకాయ క్యారేజీలో పెట్టుకుని మేమే రేవుకు వెళ్ళాము. టెర్మినల్ బయట సిమెంటు బెంచీ మీద ముగ్గురం పక్కపక్కన కూర్చున్నాము. వాచీ విప్పి బెంచీ మీద పెట్టుకుని, చెయ్యి కడుక్కుని తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టబోతుంటే లేచి నిలబడి, "మీరు కూర్చోండి పెద్దమ్మా, నేను వడ్డించుకుంటాను" అన్నాడు. అలవాటు. కూర్చోమని పెదనాన్న గట్టిగా కసిరాక కూర్చున్నాడు.